వెనక్కి రాని తెల్లబంతి

క్లబ్బు నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించి తొమ్మిది రోజులైంది. చదవవలసినవాళ్ళు చదివి మరచిపోయారు. పోశం మాత్రం రోజూ వరండా ఊడ్చేటప్పుడు దాని ముందుకు వచ్చి చీపురు ఆపుతున్నాడు. అందులో ఉన్నది నాలుగు ముక్కలు. కాలనీ క్లబ్బుకు ఇకమీద ఇద్దరు అటెండర్లు అక్కర లేదు, ఒక్కడు చాలు. ఆ ఒక్కడు బిలియర్డ్స్ టేబుల్ పని తెలిసిన మార్కర్ అయి ఉండాలి. శనివారం పొద్దున పదింటికి పరీక్ష. నెగ్గినవాడు క్లబ్బులో ఉంటాడు, రెండోవాడు సోమవారం మొదటి షిఫ్టుకు బొగ్గు బాయి దిగుతాడు.

రెండోవాడు ఎవరో కాలనీకంతా తెలిసిపోయినట్టే ఉంది. ఇంకో అటెండరు ప్రేమ్‌సాగర్‌కు ఇరవై ఆరేళ్ళు. బంతిని కొట్టే క్యూ కర్ర పట్టుకుంటే చెయ్యి వణకదు. పోశానికి యాభై దాటాయి. పద్నాలుగేళ్ళు భూమి లోపల బొగ్గు నింపిన ఫిల్లర్. మూడేళ్ళ కింద కప్పు కూలి మోకాలు విరిగితే తేలికపని ఇచ్చి క్లబ్బుకు పంపారు. టేబుల్ మీది ఆకుపచ్చ బట్టకు బ్రష్షు కొట్టడం, ఇస్త్రీ చెయ్యడం, స్కోరు చెప్పడం అతనికి ప్రేమ్‌సాగర్ కంటే బాగా వచ్చు. రానిది ఒక్కటే. మార్కర్ అన్నవాడు మెంబర్లకు కొట్టి చూపించవలసిన డ్రా షాట్. తెల్లబంతి పోయి ఎర్రబంతిని తాకి, తాడు కట్టి గుంజినట్టు కొట్టినవాడి దగ్గరికే తిరిగి రావాలి.

పాత మార్కర్ రాయమల్లు పోయినేడు కాలం చేశాడు. అతని బిడ్డ అమూల్య నేర్పుతానని ఒప్పుకుంది. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్ల. డ్యూటీ దిగి రెండు గంటలకు వస్తుంది. నాలుగింటికి క్లబ్బు తెరిచేలోగా ఎంత నేర్చుకుంటే అంత. అట్లా మూడు పూటలు అయిపోయాయి. మూడు పూటలూ తెల్లబంతి ఎర్రబంతి వెంబడే పోయింది.

ఇక మిగిలింది శుక్రవారం ఒక్కటే.

*

అమూల్య వచ్చేసరికి పోశం టేబుల్ మీది దుప్పటి తీసి మడతపెట్టి, బట్టకు బ్రష్షు కొట్టి, పైన వేలాడే లైట్లు వేసి నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచి నిలబడే ఉన్నట్టు ఉన్నాడు.

"అన్నం తిన్నవా కాక?"

"తిన్న బిడ్డా."

"ఏం కూర?"

పోశం ఆలోచించాడు. గుర్తు రాలేదు.

"గందుకే అడిగిన" అంది అమూల్య. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చి, ఎర్రబంతిని టేబుల్ నడుమ పెట్టి, దానికి మూరెడు ఇవతల తెల్లబంతిని పెట్టింది. "కొట్టు. చూద్దాం రాత్రంత కలల ఏమన్న నేర్చుకున్నవేమో."

పోశం క్యూ కొనకు నీలం చాక్ రుద్దాడు.

"గోడకు సున్నమేసినట్టు రుద్దకు. కాటుక పెట్టినట్టు పెట్టు. కొనంత సమానంగ అంటాలె. చాక్ లేని జాగల తాకిందంటె కొన జారుతది."

పెట్టాడు. వంగాడు. ఎడమచెయ్యి బట్ట మీద పరిచి, బొటనవేలు దించి, దాని మీద క్యూ ఆనించాడు. ఇవి వచ్చాయి. మూడు పూటల్లో ఇంత మాత్రం వచ్చాయి. క్యూ తోక లేవకుండా నేలకు సమంగా ఉంచడం వచ్చింది. బంతి బొడ్డుకు కిందగా గురి పెట్టడం కూడా వచ్చింది. కొట్టాడు. ఎర్రబంతి దూరంగా పోయింది. తెల్లబంతి దాని వెనకాలే నాలుగు జానలు దొర్లి ఆగింది.

"మళ్ళ" అంది.

మళ్ళీ అంతే. ఇంకోసారి. ఇంకోసారి. ప్రతిసారీ పోశం మెడ మీద చెమట కొత్తగా పట్టింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. వంగినప్పుడల్లా సోమవారం గుర్తొస్తోంది.

అమూల్య సంచిలోంచి ల్యాబు కాగితం ముక్క చింపి, తెల్లబంతికి జానెడు ముందర బట్ట మీద పెట్టింది. ఎర్రబంతిని పక్కకు తీసింది.

"ఇప్పుడు ఎర్రది లేదు. వట్టిగ తెల్లదాన్ని కొట్టు. కొట్టినంక నీ క్యూ కొన పోయి గీ కాగితం మీద ఆగాలె. గంతే."

కొట్టాడు. బంతి పోయింది. క్యూ కొన కాగితం దాకా పోలేదు. బంతిని తాకిన చోటు నుంచే వెనక్కి వచ్చేసింది. పాము మీద చెయ్యి వేసి గుంజుకున్నట్టు.

"చూసినవా? గుంజుతున్నవ్."

"గుంజక పోతె ఎట్ల బిడ్డా? బంతి ఎన్కకు రావాలె గద."

"బంతి వస్తది. నువ్వు రాకు." అమూల్య నడుం మీద చేతులు పెట్టుకుంది. "నువ్వు ముంగటికే పోవాలె. కింద తాకినందుకు బంతి ఎన్కకు తిరుక్కుంట పోతది. పోయి ఎర్రదానికి తగిలి ఆగినంక గా తిరుగుడే దాన్ని ఎన్కకు తెస్తది. నువ్వు సగంల గుంజితె గది తిరగనే తిరగది. ఎవ్వలు నేర్పిండ్రు నీకు గా గుంజుడు?"

పోశం తన చేతులు చూసుకున్నాడు. ఎవరూ నేర్పలేదని అనబోయాడు. కాని అది అబద్ధం.

"చెమ్మస్ నేర్పింది" అన్నాడు.

బొగ్గు ఎత్తే పార అది. నిండా బొగ్గు ఎత్తి, పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు మీదికి విసిరినప్పుడు, విసిరిన చోటే చటుక్కున వెనక్కి గుంజాలి. అట్లా గుంజితేనే బొగ్గు పారను విడిచి టబ్బులో పడుతుంది. లేకపోతే సగం పారకే అంటుకుని తిరిగి కాళ్ళ మీద పడుతుంది. షిఫ్టుకు ఎన్ని వందల సార్లు. పద్నాలుగేళ్ళు.

అమూల్య నవ్వలేదు. "మా బాపు చెప్పేటోడు" అంది. "ఫిల్లర్లకు గేమ్ నేర్పుడు కన్న గొడ్లకు నేర్పుడు అల్కగుంటది అని."

"అన్నడా గా మాట?"

"అన్నడు. అని గూడ నేర్పిండు." క్యూ వెనక కొన దగ్గర పోశం పిడికిలి విప్పి, వేళ్ళు ఒక్కొక్కటే వదులు చేసింది. "మీ ఇంట్ల సక్కుబాయి చిన్నమ్మ బీడీలు చేస్తది గద. చేసిన బీడీ నలగకుండ ఎట్ల పట్టుకుంటది? గట్ల. ఇది చెమ్మస్ కాదు. దీంట్ల బరువు లేదు."

పదోసారికి క్యూ కొన కాగితాన్ని తాకింది. పదకొండోసారి దాని మీద ఆగింది. పన్నెండు, పదమూడు కూడా ఆగాయి. పోశం మొహంలో ఏదో కదిలింది. అమూల్య అది చూసి, చూడనట్టు ఎర్రబంతిని తెచ్చి దాని చోట పెట్టింది.

"ఇగ కొట్టు."

కొట్టాడు. తెల్లబంతి ఎర్రదాన్ని తాకి, ముందుకే పోయింది.

*

"ఆగు" అని ఫోను తీసింది అమూల్య. "ఆరు కొట్టు. నేను తీస్త."

ఆరు కొట్టాడు. ఆరూ పోయాయి. ఆమె టేబుల్ అంచు మీద కూర్చుని, అవి ఒక్కొక్కటే నెమ్మదిగా నడిపించి చూసింది. రెండోదాని దగ్గర ఆమె బొటనవేలు ఆగింది. మూడోది చూసి, మళ్ళీ మొదటిది చూసింది.

"కాక, గిటు రా."

పోశం మోకాలు మీద చెయ్యి వేసి, కుంటుతూ వచ్చాడు. తనను తాను ఫోనులో ఎప్పుడూ చూసుకోలేదు. ఆకుపచ్చ బట్ట మీద వంగిన ఒక ముసలివాడు కనిపించాడు. మొహం లైటు కింద తెల్లగా పాలిపోయి ఉంది. క్యూ వెనక్కి పోయింది, ముందుకు వస్తోంది. కొన బంతిని తాకడానికి రవ్వంత ముందు ఆ మనిషి కళ్ళు బంతిని విడిచి, నొసటి కిందికి తిరిగి, పైకి చూశాయి. తలతో పాటు క్యూ కూడా లేచింది.

"ఇంకోటి చూడు" అంది అమూల్య.

అందులోనూ పైకే. ఆరింట్లోనూ పైకే.

"బంతి బొడ్డుకు కింద కొడుతున్న అనుకుంటున్నవ్. తల లేస్తుంది, కొన లేస్తుంది, నడుమ తాకుతుంది. గందుకే రాదు." ఆమె గొంతు తగ్గించింది. "పైన ఏమున్నది కాక?"

"లైటు."

"లైటు ఏడికి పోతది?"

పోశం మళ్ళీ పైకి చూశాడు. అప్పుడే బయట సైరన్ మోగింది.

ఊరి అంచున ఓపెన్‌కాస్ట్ గనిలో రోజూ మధ్యాహ్నం బండ పేల్చే ముందు మోగే సైరన్. కాలనీలో పుట్టిన పిల్లలు దాని మోతకు నిద్ర కూడా లేవరు. ఆడవాళ్ళు ఆ టైముకు గిన్నెలు అల్మారా అంచు నుంచి లోపలికి జరుపుకుంటారు, అంతే. పోశం మాత్రం మూడేళ్ళుగా ఆ వేళకు క్లబ్బులో ఉండడు. ఏదో ఒక పని చెప్పి స్టేషన్ రోడ్డు వైపు పోతాడు. ఆకాశం కింద నిలబడి చాయ్ తాగి వస్తాడు. ఈ వారం మూడు రోజులూ నీళ్ళ మోటరు అనో సుద్ద అనో చెప్పి పది నిమిషాలు బయటికి పోయాడు. ఈ రోజు కాగితం మీద క్యూ ఆగిన సంతోషంలో మరచిపోయాడు.

తలుపు వైపు చూశాడు. దూరంగా ఉంది.

నేల ముందు కదిలింది. మోత తర్వాత వచ్చింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, పైన లైట్లు తీగల మీద ఊగాయి, రేకుల సందులోంచి సన్నని దుమ్ము ఆకుపచ్చ బట్ట మీద రాలింది. అమూల్య ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. దుమ్ము ఆగాక తలెత్తి చూస్తే ఎదురుగా పోశం లేడు.

"కాక?"

తలుపు మూసే ఉంది.

వంగి చూసింది. రాతిపలక పరిచిన ఆ బరువైన టేబుల్ కింద, నాలుగు లావు కాళ్ళ నడుమ, పోశం మోకాళ్ళు గడ్డానికి ఆనించి, రెండు చేతులూ నెత్తి మీద కప్పుకుని కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి కాని మాట రావడం లేదు. పళ్ళు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు ఆమెకు వినిపించింది.

అమూల్య నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుంది. చెయ్యి పట్టి గుంజలేదు. ఊపిరి తీసుకునే తీరు చూస్తూ, అలవాటుగా మణికట్టు మీద వేళ్ళు వేసి నాడి చూసింది. అది కోడిపిల్ల గుండెలాగా కొట్టుకుంటోంది. కొంతసేపటికి నెమ్మదించింది.

"అయిపోయింది కాక. ఇయ్యాల్టికి ఒక్కటే."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

పోశం చేతులు దించాడు. ఆమె మొహం చూడలేక నేల చూశాడు.

"మోకాలు ఇరిగినోడు గంత జల్ది టేబుల్ కిందికి ఎట్ల ఉరికిండా అని చూస్తున్న" అంది అమూల్య. ఎగతాళి లాగే అంది కాని గొంతులో ఎగతాళి లేదు. "ముడుసుకొని గూడ కూసున్నవ్. నొస్తలేదా?"

పోశం మోకాలిని చేత్తో తడిమాడు. టేబుల్ కింద చీకటిగా, చల్లగా ఉంది. బహుశా అందుకే మాట వచ్చింది.

"మోకాలు ఆర్నెల్లకే మానింది బిడ్డా."

"మరి కుంటుడు?"

"కుంటకపోతె దింపుతరు." ఆ మాట బయటికి వచ్చాక, తనే భయపడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎవ్వలకు చెప్పకు. మీ చిన్నమ్మకు గుడ ఎర్క లేదు. రోజు పొద్దుగూకంగనే ఆముదం కాగబెట్టి రాస్తది, నొప్పి లేని మోకాలికి. నేను అబ్బా అంట. సిగ్గయితది. అయిన అంట."

"ఇంట్ల గుడ గిట్లనే అయితదా?"

"తలుపు తెరిచి పండుకుంట. దోమలు వస్తున్నయని లొల్లి పెడ్తది. ఉక్కపోస్తుంది అని చెప్త. చలికాలం గుడ ఉక్కపోస్తుంది అన్న. నవ్వింది." పోశం ఆమె చెయ్యి వదిలాడు. "నేను పిరికోన్ని కాకుంటి బిడ్డా. పద్నాలుగేండ్లు దిగిన. పాట పాడుకుంట దిగిన."

"ఆ దినం ఏమైంది?"

"ఏం కాలే. జోడీ ఉంటం గద ఇద్దరం. ఒకడు నింపుతాంటె ఒకడు కప్పు చూస్తడు. రాయి చప్పుడైనా, కప్పు కింద నిలబెట్టిన దిమ్మె కిర్రుమన్నా ఉరుకు అంటడు. నింపేటోడు పైకి చూడద్దు. చూస్తె పని సాగది. గంత నమ్మకం ఉండాలె. నా జోడీ వెంకటి. ఆ పూట నీళ్ళకు పోయిండు. ఇగ వస్తడు, ఒక్క టబ్బే గద అని నేను నింపుతున్న. కప్పు ఎవ్వలు చూస్తలేరు." పోశం టేబుల్ అడుగు వైపు చూశాడు. "నేను పైకి చూడలే. గంతే. చూసి ఉంటె కనబడేది."

బయట ఎవరో సైకిల్ మీద పోతూ బెల్లు కొట్టారు.

"అప్పటిసంది నేనే చూసుకుంటున్న" అన్నాడు పోశం.

*

అమూల్య లేచి, బట్ట మీద రాలిన దుమ్మును తనే బ్రష్షుతో దులిపింది. పోశం బయటికి వచ్చి కుంటడం మరచిపోయి రెండడుగులు వేశాడు. గుర్తొచ్చి ఆగాడు. ఇప్పుడు ఎవరి కోసం కుంటాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు.

"భయం పోగొట్టుడు నాకు రాదు కాక" అంది అమూల్య. "గా మందు మా ల్యాబుల లేదు. డాక్టరమ్మకు చెప్పాలె నువ్వు, పరీక్ష అయినంక. కాని భయం ఉండంగనే కొట్టచ్చు." ఎర్రబంతి పెట్టింది. తెల్లబంతి పెట్టింది. పోయి టేబుల్ అవతలి కొసన నిలబడి, తల వెనక్కి వాల్చి రేకుల వైపు చూసింది. "కప్పు నేను చూస్తున్న. నువ్వు నింపు."

పోశం ఆమెను చూశాడు. ఆమె నిజంగానే చూస్తోంది. ఒక మూల నుంచి ఇంకో మూలకు, రేకు రేకుకూ.

వంగాడు. బొటనవేలు దించాడు. వెనక చేతి వేళ్ళు బీడీ మీద ఉన్నట్టు వదులుగా ఉన్నాయి. క్యూ వెనక్కి నెమ్మదిగా పోయింది. కళ్ళు పైకి లాగుతున్నాయి. నొసలు నొప్పి పుట్టేంతగా లాగుతున్నాయి.

"ఉన్నది కాక. సక్కగనే ఉన్నది కప్పు" అంది అమూల్య, పైకి చూస్తూనే.

అతను ఎర్రబంతిని చూశాడు. దాన్ని ఒక్కదాన్నే చూశాడు. క్యూ ముందుకు పోయి, తెల్లబంతి ఉన్న చోటు దాటి, జానెడు అవతల బట్ట మీద ఆగింది.

చప్పుడే వేరుగా వచ్చింది. ఎర్రది పోయింది. తెల్లది తాకిన చోట ఒక్క క్షణం నిలబడి, ఉన్నచోటనే గిరగిరా తిరిగి, ఏదో గుర్తొచ్చినదాని లాగా వెనక్కి బయలుదేరింది. జానెడు. క్యూ కొనకు వచ్చి తగిలి ఆగింది.

పోశం దాన్ని ముట్టుకోకుండా చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మళ్ళీ కొట్టాడు. వచ్చింది. మూడోది కొద్దిగా వచ్చి ఆగిపోయింది. నాలుగోది మొదటిదాని కంటే ఇవతలికి వచ్చింది. అమూల్య మెడ నొప్పి పుట్టి పక్కకు తిప్పినప్పుడు కొట్టిన ఐదోది ముందుకు పోయింది.

అది ఇద్దరికీ అర్థమైంది.

"రేపు నిన్ను లోపలికి రానియ్యరు" అన్నాడు పోశం.

"రానియ్యరు."

"కప్పు ఎవ్వలు చూస్తరు?"

అమూల్య నోరు తెరిచేలోగా వరండా వైపు తలుపు కిర్రుమంది. ప్రేమ్‌సాగర్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. గడ్డం గీసుకోలేదు, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. పోశం చెయ్యి తనంత తనే మోకాలి మీదికి పోయింది.

"సల్లగుండు కాక" అన్నాడు ప్రేమ్‌సాగర్. "నేను ఏం వినలే. బంతి ఎన్కకు వచ్చుడు కిటికీల నుంచి చూసిన. గంతే."

"ఏం కావాలె?" అంది అమూల్య గట్టిగా.

అతను ఆమె వైపు చూడలేదు. "వెల్ఫేర్ ఆఫీసులకెళ్ళి వస్తున్న. పరీక్షల నుంచి స్కోరు, ఇస్త్రీ అన్ని తీసేసిండ్రట. ఇద్దరికీ వస్తయి గదా అన్నరట. రేపు గీ ఒక్క షాటే. ఐదు కొట్టాలె, ఎవ్వలయి ఎక్కువ వస్తె వాళ్ళే."

పోశం రెండు బంతులనూ తెచ్చి వాటి చోట పెట్టాడు.

"నాకది రాదు కాక. అన్ని వస్తయి, గదొక్కటి రాదు. ఎవ్వలకు చెప్పలే." ప్రేమ్‌సాగర్ గడప దాటి లోపలికి వచ్చాడు. దగ్గరికి వచ్చాక అతని కళ్ళ కింద నలుపు కనిపించింది. "మా బాపు బాయిలనే పోయిండు, నీకెర్కే గద. గా నౌకరి నాకిచ్చిండ్రు. నేను ఎన్నడు దిగలే. మొన్న నా పెండ్లాం మమత అడిగింది, లోపల ఎట్లుంటది అని. కడుపుతోని ఉన్నది గద, పరేషాన్ అయితుంది. ఏం చెప్పాలె? బాయి లిఫ్టుకాడికి పోయి చూసొస్త అని పోయిన. గేటుకాడనే వాంతి అయింది." అతను నవ్వడానికి చూశాడు. "నువ్వు పద్నాలుగేండ్లు దిగినవ్. నీకు అలవాటే. నాకు జర చూపియ్ కాక. గా బంతి ఎట్ల తెచ్చినవో."

పోశం చేతిలోని క్యూ అతను తీసుకున్నాడా, పోశమే ఇచ్చాడా తెలియదు. ప్రేమ్‌సాగర్ చాక్ రుద్ది, టేబుల్ మీదికి వంగి, తెల్లబంతికి గురి పెట్టాడు.

పోశం వెనక నిలబడి చూశాడు. ఒక్క చూపుకే తెలిసిపోయింది. చెయ్యి బాగుంది, గురి బాగుంది, క్యూ సమంగా ఉంది. వెనక పిడికిలి ఒక్కటే రాయిలాగా బిగిసి, వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. వదులు చెయ్యి అంటే చాలు. ఆ ఒక్క మాటకు ఐదుకు ఐదూ వస్తాయి. అవతలి కొసన అమూల్యకు కూడా అది కనిపిస్తూనే ఉంది. ఆమె పోశం వైపే చూస్తోంది.

మాట పోశం నాలుక మీదికి వచ్చి ఆగింది.

ప్రేమ్‌సాగర్ తల తిప్పలేదు. వంగిన వీపు చొక్కా కింద సన్నగా వణుకుతోంది.

"చెప్పు కాక" అన్నాడు. "కొట్టాల్నా?"